పని నాది, పాన్ ఆయనది

మా బొగ్గుబాయిల దిక్కు పన్ను అంటే జీతంలోంచి కట్ అయ్యేది. నెలనెలా కంపెనీయే పట్టుకుంటుంది, ఎండాకాలం పోయాక ఫారం-16 ఇస్తుంది, అది తీసుకుపోతే బజార్లో ఎవరో ఒకరు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రిటర్ను ఫైల్ చేసి పంపిస్తారు. గనిలో దిగే మనిషికి ఆదాయపు పన్ను మాఫీ చేయాలని యూనియన్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. లాభాల వాటా వచ్చినా, దీపావళి బోనస్ వచ్చినా ఇంట్లో మొదట వచ్చే మాట "పన్ను పోను ఎంత?" అనే. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఈ మాటలు వింటున్నాను. అయినా ఒక్కటి మాత్రం నా బుర్రకు ఎక్కలేదు: నేను సంపాదించేది కూడా ఆదాయమే అని. అది ఎక్కేసరికి మా ఇంటికి ముప్పై మూడు వేల పైన నష్టం జరిగింది. ఇంట్లో కుట్టి, వండి, అల్లి ఫోన్లో అమ్ముకుంటున్న ఆడవాళ్లు మా మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ ప్రాంతాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఇది దాచకుండా రాస్తున్నాను.

మాది మంచిర్యాల జిల్లా కాసిపేట. ఇటు కాసిపేట 1, 2 గనులు, అటు దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ. మా ఆయన గనిలో మైనింగ్ సర్దార్. నేను పెళ్లయ్యాక సింగరేణి సేవా సమితి వాళ్లు నేర్పిన కుట్టు శిక్షణలో కూర్చున్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి చుట్టుపక్కల వాళ్ల జాకెట్లు, పిల్లల గౌన్లు కుట్టాను. 2023 ఎండాకాలంలో మా అమ్మాయి ఫోన్ చూపించి "చీర లంగాలు ఆన్‌లైన్‌లో అమ్మొచ్చమ్మా" అంది. చీర లంగా గుడ్డకు మాకు దూరం పోయే పని లేదు. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే నూలు బట్టకు మొదటి నుంచీ ఉన్న గిరాకీ లంగాలకే. తానులు తెప్పించుకొని, ఆరు ముక్కలు కోసి, పక్కలు రెండుసార్లు కుట్టి, నడుం పట్టీలో నాడా ఎక్కించి, మడతపెట్టి కవర్లో వేసేదాన్ని. కుట్టు గట్టిగా ఉందని కొన్నవాళ్లు రాసేవారు. ఎక్కడో గుంటూరులోనో నాగపూర్‌లోనో ఒక ఆడమనిషి నేను కుట్టిన లంగా కట్టుకొని బాగుందని రెండు ముక్కలు రాస్తే, ఆ రోజంతా నాకు మిషన్ తొక్కిన అలుపు తెలిసేది కాదు.

అమ్మకాలు మొదలుపెట్టాలంటే జీఎస్టీ నంబరు కావాలన్నారు. మామూలుగా కొట్టు పెట్టుకొని సరుకు అమ్మేవాళ్లకు తెలంగాణలో 20 లక్షల అమ్మకం దాటేదాకా ఆ నంబరు అక్కర్లేదు. ఆన్‌లైన్ కంపెనీల ద్వారా అమ్మేవాళ్లకు అప్పట్లో ఆ వెసులుబాటు లేదు, మొదటి లంగాకే నంబరు ఉండాలి. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్లకు సడలింపు ఇచ్చారు గానీ, పక్క రాష్ట్రానికి పంపాలంటే ఇప్పటికీ నంబరు తప్పదు.

నంబరుకు పాన్ కార్డు కావాలి. నాకు పాన్ ఉంది. డిగ్రీ చదివే రోజుల్లో మా నాన్న తీయించాడు, పుట్టింటి ఇంటిపేరుతో. ఆధార్ మాత్రం అత్తగారింటి పేరుతో ఉంది. రెండూ కలవక లింకు కాలేదు. వెయ్యి రూపాయలు కట్టి 2023 జూన్ 30 లోపు లింకు చేసుకోవాలని టీవీలో రోజూ చెప్పారు. నేను ఆ కార్డు తీసి చూసింది కూడా లేదు. "నాకెందుకు పాన్, నేనేమన్నా ఉద్యోగం చేస్తున్నానా" అనుకున్నాను. జూలై 1 నుంచి అది పనిచేయకుండా పోయింది.

అప్పుడు నేను చేసిన పని చెబుతాను. మా ఆయన పాన్ కార్డు తీసుకొని, ఆయన ఆధార్, ఆయన పేరున ఉన్న కరెంటు బిల్లు, ఆయన బ్యాంకు ఖాతా అన్నీ పెట్టి ఆయన పేరు మీదే నంబరు తీయించాను. అమ్మకపు ఖాతా కూడా ఆయన పేరుమీదే. కంపెనీలో పనిచేసే మనిషి పేరున వ్యాపారం నమోదు చేసేముందు కంపెనీ వాళ్లను అడగాలేమో అన్న ఆలోచన కూడా రాలేదు. ఆయన నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నాడు. ఓటీపీ వస్తే లేపి అడిగాను. "దేనికే?" అన్నాడు. "లంగాల దానికి" అన్నాను. నంబరు చెప్పి మళ్లీ పడుకున్నాడు. ఆ నిద్రలోనే ఆయన లంగాల వ్యాపారి అయిపోయాడు.

జీఎస్టీ లెక్కలు చూసిపెట్టడానికి మంచిర్యాలలో ఒకాయన్ని మాట్లాడుకున్నాం. బట్టల మీద 5 శాతం. ఆయన రిటర్ను వేసేవాడు, నేను ఫీజు పంపేదాన్ని. ఇక్కడే నా పెద్ద తెలివితక్కువతనం ఉంది. జీఎస్టీ రిటర్ను వేశాక ఇంకో రిటర్ను ఉంటుందని నేను అనుకోలేదు. ఆన్‌లైన్ కంపెనీ పంపే లెక్కల షీటులో కమీషన్, రవాణా ఖర్చు పోను ఇంకో రెండు కోతలు కనిపించేవి, ఒకటి టీసీఎస్, ఇంకోటి టీడీఎస్, రెండూ అప్పట్లో నూటికి రూపాయి చొప్పున. జీఎస్టీ కడుతున్నాం, దానిమీద ఇవీ కోస్తున్నారు, సర్కారుకు ఇవ్వాల్సింది ఇచ్చేసినట్టే అని స్థిరపడిపోయాను. ఆ రెండో కోత ఆదాయపు పన్ను చట్టంలో 194ఓ సెక్షన్ కింద పట్టుకునేదని, అది పన్నుకు బయానా మాత్రమేనని, ఎవరి పాన్ మీద పట్టుకున్నారో వాళ్ల ఖాతాలో ఆ అమ్మకం మొత్తం నమోదవుతుందని నాకు తెలియదు. తెలుసుకుందామనీ అనిపించలేదు. వస్తున్న డబ్బుతో అమ్మాయి హన్మకొండ హాస్టల్ ఫీజు కడుతున్నాను, మా అత్తమ్మ కంటి ఆపరేషన్‌కు ఇచ్చాను. ఇంత చేస్తూ కూడా ఎవరన్నా అడిగితే "ఏదో చేతిఖర్చులకు" అనేదాన్ని.

2024 జూలైలో మా ఆయన రిటర్ను వేయించడానికి ఇద్దరం బజారుకు పోయాం. ఫారం-16 చూసి అంకెలు కొడుతూ ఆ కుర్రాడు పద్ధతిగానే అడిగాడు: "ఇంకేమన్నా ఆదాయం ఉన్నదా అన్నా?" మా ఆయన నా వంక చూశాడు.

"లేదు" అన్నాను.

అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. నిజమే చెబుతున్నానని అనుకున్నాను. అందుకే ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తుంది. ఆ ఏడాది నేను అమ్మింది 5 లక్షల 84 వేల రూపాయల సరుకు. రాత్రి మిషన్ చప్పుడుకు పిల్లలు నిద్రలేస్తారని తెల్లవారుజామున లేచి కుట్టాను. మెడ నొప్పికి మాత్రలు మింగాను. అదంతా నా నోటితో నేనే లేదన్నాను. మగవాళ్లు ఆడవాళ్ల పనిని లెక్కలోకి తీసుకోరని ఎంతోమంది అంటారు, నేనూ అన్నాను. మా ఇంట్లో మాత్రం ఆ రోజు ఆ పనిని కొట్టేసింది నేను.

ఆ డిసెంబరులో మా ఆయన ఫోన్‌కు ఆదాయపు పన్ను శాఖ పేరుతో మెసేజ్ వచ్చింది. మీ రిటర్నుకూ, మా దగ్గరున్న సమాచారానికీ పొంతన లేదు, చూసుకోండి అని. 2023-24 లావాదేవీల మీద ఆ శాఖ దేశమంతా అలాంటి మెసేజ్‌లు, మెయిళ్లు పంపిందని తర్వాత తెలిసింది. సైబర్ మోసాల భయంతో అందరం బతుకుతున్న రోజులు కదా, లింకు నొక్కితే ఖాతా ఖాళీ అవుతుందని మెసేజ్‌ను తీసేశాను. లింకు నొక్కకపోవడం తప్పు కాదు. కానీ నేరుగా శాఖ వెబ్‌సైటు తెరిచి చూసుకోవచ్చు కదా, అది చేయలేదు. అప్పుడే చూసి ఉంటే మామూలుగా సవరించిన రిటర్ను వేసుకునేవాళ్లం. డిసెంబరు 31 గడువును ఆ ఏడాది 2025 జనవరి 15 దాకా పొడిగించారు కూడా. అదీ దాటిపోయింది.

సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకోసారి ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మాయి, బీకాం చదువుతోంది, వాళ్ల నాన్న పాన్‌తో సైటు తెరిచింది. ఏఐఎస్ అని ఒక చోట ఉంటుంది, వార్షిక సమాచార నివేదిక. బ్యాంకు వడ్డీ నుంచి భూమి కొనుగోలు దాకా మన పాన్‌కు అంటుకున్న ప్రతిదీ అక్కడ ఉంటుంది. జీతం వరస కింద ఇంకో వరస ఉంది, ఆన్‌లైన్ కంపెనీ పేరు, 194ఓ, మూడు నెలలకోసారి అమ్మకం ఎంత, కోత ఎంత. నేను కుట్టిన ఒక్కో లంగా డబ్బూ పోగై అక్కడ అంకెల్లో ఉంది. వాపసు వచ్చినవీ, దసరాకు ముందు పెరిగినవీ, అమ్మాయికి టైఫాయిడ్ వచ్చి నేను మిషన్ ముట్టని నెలల్లో తగ్గినవీ అన్నీ ఆ వరసల్లో తెలిసిపోతున్నాయి. అమ్మాయి కాసేపు చూసి అంది, "అమ్మా, గిది నాన్నది గాదు. నీది."

మంచిర్యాలలో చార్టర్డ్ అకౌంటెంట్ (సీఏ) దగ్గరికి పోయాం. చిన్న వయసు పిల్ల, నన్ను అక్కా అని పిలిచింది. ఎంత అమ్మారు అని అడిగితే బ్యాంకులో పడ్డ మొత్తం చెప్పాను. ఆమె తల ఊపి, "అక్కా, నీ చేతికొచ్చింది గాదు, కొన్నోళ్లు ఇచ్చింది లెక్క. కమీషన్, పార్శిల్ ఖర్చులు కంపెనీ నీ దగ్గర తీసుకున్న ఖర్చులు. అమ్మకం అంటే మొత్తం" అని కాగితం మీద గీసి చూపింది. అప్పటిదాకా నా వ్యాపారం ఎంతదో నాకే తెలియదు.

చిన్న వ్యాపారాలకు 44ఏడీ అని ఒక సెక్షన్ ఉంది. లెక్కల పుస్తకాలన్నీ రాయలేని వాళ్లు అమ్మకంలో ఇంత శాతం లాభం అని చూపవచ్చు. నగదు మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం. నా 5 లక్షల 84 వేలకు 6 శాతం అంటే 35 వేల చిల్లర. అయితే అది కనీసం. అంతకన్నా ఎక్కువ మిగిలిందని మనకు తెలిస్తే ఆ ఎక్కువే చూపాలి. గుడ్డ, దారం, నాడా, కవర్లు, కమీషన్, కరెంటు తీసేసి నోటుబుక్కులో కూడితే మిగిలింది 1 లక్షా 40 వేలు.

మా ఆయన ఏమీ మాట్లాడలేదు. నేను ఉన్నదే రాయమన్నాను. పన్ను ఎక్కువవుతుందని తెలుసు. ఒకసారి లేదన్నదాన్ని ఇప్పుడు పావు వంతు ఉందని రాయించడానికి మనసొప్పలేదు.

ఆ లక్షా నలభై వేలు ఆయన జీతం మీద ఎక్కింది. ఓవర్‌టైమ్, ప్లేడేలు (సెలవు రోజున చేసే డ్యూటీలు), లాభాల వాటా కలిపి ఆయన అప్పటికే 12 లక్షలు దాటి ఉన్నాడు. అంటే నా డబ్బు మీద 20 శాతం, సెస్సుతో కలిపి 20.8. పట్టుకున్న టీడీఎస్ పోను మిగిలినదానికి వడ్డీ. గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్ను కాబట్టి పన్నూ వడ్డీ కలిపిన మొత్తం మీద ఇంకో 25 శాతం. అన్నీ కలిపి 33 వేల పైన తేలింది. అదే ఆదాయం నా పాన్ మీద వచ్చి ఉంటే? ఆ ఏడాది కొత్త విధానంలో 3 లక్షల దాకా అసలు పన్నే లేదు. నాకు వేరే ఆదాయం లేదు. ఒక్క రూపాయి కట్టే పని ఉండేది కాదు, పట్టుకున్న 5,840 కూడా తిరిగి వచ్చేది. పని నాదే కదా, ఇప్పుడు నా పేరున చూపలేమా అని అడిగాను. నంబరు, బ్యాంకు ఖాతా, బిల్లులు అన్నీ ఆయన పేరునే ఉన్నప్పుడు అలా చెప్పి నిలబడలేమంది ఆమె.

ఆ డబ్బు మా ఆయన కట్టాడు. భూమి అడుగున, ఆ ఉక్కలో, పైకప్పు చూసుకుంటూ, తన వెంట ఉన్నవాళ్ల ప్రాణాలకు తాను పూచీపడి తెచ్చిన డబ్బు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో "పోతే పోనియ్. ఇగ నీ పేరు మీద పెట్టుకో" అన్నాడు. ఇంకొకరైతే ఎన్ని మాటలు అనేవారో. ఆయన అనలేదు కాబట్టి నాకు ఇంకా కష్టంగా ఉంది.

తర్వాత పనులు ఒకదాని వెంట ఒకటి. పాన్‌లో ఇంటిపేరు మార్పించడం, వెయ్యి రూపాయలు కట్టి ఆధార్‌తో లింకు, ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు ఆయనది కాబట్టి మీసేవకు పోయి నా నంబరు పెట్టించడం. ఉన్న సరుకంతా పాత నంబరు మీదే అమ్మి ఖాళీ చేశాం, ఆ నంబరు రద్దుకు పెట్టాం. కొత్త సరుకుకు డబ్బు ఎక్కడిది అని సీఏ అమ్మాయి గట్టిగా అడిగింది. భర్త ఊరికే ఇచ్చిన డబ్బుతో భార్య వ్యాపారం పెడితే, ఆ పెట్టుబడి మేరకు వచ్చే లాభం మళ్లీ భర్త ఆదాయంలోనే కలుస్తుందట, 64వ సెక్షన్. అందుకని మా మహిళా సంఘం ద్వారా స్త్రీనిధి అప్పు తీసుకున్నాను. కిస్తీ నేనే కడుతున్నాను. సిరిసిల్లలో ఇదివరకు బిల్లు లేకుండా చవకగా తెచ్చుకునేదాన్ని. బిల్లు లేకపోతే గుడ్డ మీద కట్టిన జీఎస్టీ నాకు వెనక్కి రాదని, ఖర్చుకు రుజువు ఉండదని తెలిశాక బిల్లుతోనే తెస్తున్నాను. చవక అనుకున్నది చవక కాదు.

2025 సెప్టెంబరులో నా మొదటి రిటర్ను వేశాను. ఆ ఏడాది జూలై 31 గడువును సెప్టెంబరు 15కు, చివర్లో ఇంకో రోజు 16కు పొడిగించారు. నా పేరున అమ్మకం మొదలైంది ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చికి కొద్దిగా ముందు మాత్రమే కాబట్టి లాభం పాతిక వేల పైచిలుకు. చట్టం ప్రకారం నాకు రిటర్ను వేయాల్సిన అవసరం లేదు. అయినా వేశాను, అదీ స్వయంగా. రేపు బ్యాంకులో ముద్ర లోన్ అడిగితే మొదట అడిగేది రిటర్నే. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని ఐటీఆర్-4, సుగమ్ అంటారు, అది తెరిచాను. జీతగాళ్లు వేసే ఐటీఆర్-1లో వ్యాపార ఆదాయానికి చోటు ఉండదు. అమ్మకం, లాభం, జీఎస్టీ నంబరు నింపాక ఒక దగ్గర ఆగిపోయాను. మార్చి 31 నాటికి సరుకు నిల్వ ఎంత అని ఫారం అడిగింది. నోటుబుక్కు తెచ్చాను. అందులో ఆ మార్చి 31 రాత్రి నేను రాసుకున్నది ఉంది, ట్రంకు పెట్టెలో ఉన్న తానులు తీసి మీటర్లు కొలిచి, కుట్టి ఉన్న లంగాలు రంగుల వారీగా లెక్కబెట్టి, నాడా ఉండలు సైతం రాసిన జాబితా. సీఏ అమ్మాయి ముందే చెప్పి ఉంచింది కాబట్టి రాశాను. ఆ పెట్టె విలువ ఎంతో నాకు మొదటిసారి తెలిసింది.

పంపాక పని అయిపోలేదు. ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. 30 రోజుల్లో అది చేయకపోతే ఆలస్యంగా వేసినట్టో, వేయనట్టో అవుతుంది. ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది. ఎవరినీ నిద్రలేపే పని పడలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా దిక్కు "రిఫండ్ ఎక్కువ తెప్పిస్తం, అందులో మాకింత ఇయ్యిరి" అనే వాళ్లు తిరుగుతుంటారు. లేని ఇంటి అద్దె, ఇవ్వని విరాళం, తీసుకోని అప్పు రాసి పెడతారు. 2025 జూలై 14న ఇలాంటి దొంగ మినహాయింపుల మీద ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. తెలియక ఆదాయం దాచిన నాకే ఇంత పడింది. రిటర్ను ఎవరు వేసినా కింద ఉండే పాన్ మనదే, జవాబు చెప్పేదీ మనమే.

ఇప్పుడు 12 లక్షల దాకా పన్ను లేదని అందరూ అంటున్నారు. నిజమే, 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో రిబేటు అంతదాకా ఉంది. అయితే ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను సున్నా అయినా రిటర్ను వేయాల్సిందే. ఈ రెండిటికీ తేడా తెలియక ఆగిపోకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో కొత్త ఆదాయపు పన్ను చట్టం, సెక్షన్ల నంబర్లు వేరు. నేను ఇక్కడ రాసినవి పాత నంబర్లు, గుడ్డిగా పట్టుకోకండి, సరిచూసుకోండి.

పచ్చళ్లు పెట్టి అమ్మే అక్కలకు, బ్లౌజులకు మగ్గం వర్క్ చేసే చెల్లెళ్లకు, బయట ఊళ్లకు సకినాలు పంపే పెద్దమ్మలకు నేను అడిగేది ఇదే. ఇవాళే మీ పాన్ తీసి చూడండి. ఆధార్‌తో పేరు కలుస్తుందో లేదో చూసుకోండి. మీ పేరున ఒక బ్యాంకు ఖాతా, మీ నంబరుతో ఒక ఫోన్ పెట్టుకోండి. సంపాదన ఎంత చిన్నదైనా మీ పేరునే రానివ్వండి. కాసిపేట చుట్టుపక్కల వాళ్లు ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రండి, ఏఐఎస్ ఎక్కడుంటుందో, ఎలా చదవాలో చూపిస్తాను. మీ ఫోన్ మీరే తెచ్చుకోండి, పాస్‌వర్డ్ మీరే కొట్టండి, నాకు కూడా చెప్పకండి.